చెదలు తిన్న నలభై పేజీలు

గుణుపురం కాలేజీ లైబ్రరీలో
నేను దఫ్తరీని.
మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి
వెన్ను విరిగిన పుస్తకాలకి కట్లు కడతాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
బూజుతోనే నా తగువు.

వంశధార పొంగే నెలల్లో గోడలకి చెమట పడుతుంది.
అట్టల మీద బూడిదరంగు నూగు లేస్తుంది,
ముసలి చెవుల్లో వెంట్రుకల్లా.
పొడిగుడ్డతో తుడిచి
ఎండ కాసిన పూట మెట్ల మీద ఆరేస్తాను,
వడియాల మీంచి కాకుల్ని తోలినట్టు
కుర్రాళ్ళని తోలుకుంటూ.

అలాంటి నా దగ్గరికొచ్చి
"బూజు మీద పుస్తకాలెక్కడ దఫ్తరీ మామా?" అంది
సుకాంతి గమాంగ్.
పుస్తకాల మీద బూజైతే బోల్డుందమ్మా, చూపిస్తానన్నాను.
నవ్వలేదు.
పెన్ను మూత కొరుకుతూ అలాగే నిలబడింది.

పాఢి సారు కంప్యూటర్లో కొడితే సున్నా.
దానికి మా పాత బీరువాల సంగతేం తెలుసు?
కార్డుల పెట్టె ఇత్తడి పిడి లాగి
నేనే వెతికాను.
ఐదు ఎనిమిది తొమ్మిది, చుక్క, రెండు.
ఆ అంకెలు ఎవరు పెట్టారో తెలీదు గానీ
ఏ అరలో పడుకుంటాయో తెలుసు.

ఉన్నది ఒక్కటే.
మూడో బీరువా, అడుగు అర, గోడవైపు.
అట్ట భేషుగ్గా ఉంది.
తెరిస్తే
నూటడెబ్బై ఆరు తరవాత రెండువందల పదిహేడు.
మధ్యలో అంతా ఎర్రమట్టి.

విషయసూచిక మీద వేలు జరుపుకుంటూ పోయింది.
రొట్టె మీద బూజుంది, వరాకు తెగులుంది,
తామర తెప్పించేదీ ఉంది.
వాళ్ళమ్మమ్మ వారపుసంతలో ఆకుదొన్నెల్లో అమ్మేది మాత్రం
ఆ నలభై పేజీల్లోనే ఉండేదట.

ఆ అరకి మందు కొట్టాల్సిన ఏడు
కామెర్లతో మంచం మీదున్నాను.
ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.
అయినా చెప్పుకున్నాను.

నాలుగు రోజుల ముసురు.
ఐదో పొద్దున తడిగోనె కప్పిన బుట్టతో వచ్చింది.
"మీ మూడో బీరువా గోడకి అవతలే మామా,
పుట్ట మీద."
తెల్లటి గొడుగులు. నడిమధ్య గోధుమరంగు మొన.
కాడ చివర వేరులాంటిదేదో
మట్టి లోతుల్లోంచి తెగి వచ్చింది.

చెదలు నమిలింది పుట్టలో మడి కడతాయట,
ఆ మడిలో ఇవి మొలుస్తాయట.
రెండువందల పదిహేడో పేజీ నెత్తిన
తినకుండా వదిలేసిన మూడు లైన్లలో ఉందా మాట.
రెండుసార్లు చదివి వినిపించింది.

పుట్టగొడుగు.
చిన్నప్పట్నించీ అంటూనే ఉన్నాను.
అందులో పుట్ట ఎందుకుందో
ఏనాడూ వినపడలేదు నాకు.
బుట్ట వైపు చూశాను. గోడ వైపు చూశాను.
నా మనసులో లెక్క ఆ పిల్లకీ తట్టినట్టుంది,
ఒక్కో గొడుగూ తీసి
పేజీ తిప్పినంత మెల్లిగా బల్ల మీద పెట్టింది.

కాగితం అడిగితే
రద్దయిన కార్డొకటి ఇచ్చాను.
దాని వీపు మీద గొడుగు బోర్లించి
పైన టీ గ్లాసు మూసింది.
రాత్రి తాళం వేస్తూ ఫ్యాను కట్టేశాను,
రెండోసారి వచ్చి మళ్ళీ చూసుకున్నాను.

తెల్లారి గ్లాసెత్తితే
లేత గులాబీ గీతలు,
బండిచక్రం ఆకుల్లా, సన్నగా, లెక్కలేనన్ని.
ఊదొద్దు, ఊదొద్దు అంది, ఊపిరి బిగబట్టి.
కింద పాఢి సారు ఒడియాలో ఛతు అని రాశారు.
నేను తెలుగులో రాశాను.
వాళ్ళమ్మమ్మ పిలిచే పేరు సవర అక్షరాల్లో ఆ పిల్ల రాసింది,
నాచేత పలికించబోయింది, నాలుక తిరగలేదు.
లాటిను పేరుకి చోటు వదిలాం.
ఆ పేజీ లేదు కదా.

కార్డు పెట్టెలో పెట్టాను,
ఐదు ఎనిమిది తొమ్మిది, చుక్క, రెండు.
మిగిలిన గొడుగులకి
పాఢి సారు ఇంటినించి ఉల్లిపాయలూ ఆవనూనే తెప్పించారు.

వెనక గోడకి చెదల మందు కొట్టించాలని
ఫైలొకటి నా బల్ల మీదికొచ్చింది.
సంతకం కోసం పైకి తీసుకెళ్ళాలి.
వాన తగ్గనీ.